ఫోన్ల 70 శాతం వాన అంటె గాలిదుమారం వచ్చింది, 20 అంటె రాళ్లవాన పడ్డది. మొగులు చూసి ఎట్ల గుర్తుపట్టాలె?

యాసంగి_బిడ్డ:

అందరికి నమస్తే. మాది కరీంనగర్ జిల్లా, మానేరు పక్కన ఊరు. మా యాసంగి వడ్లు కోసి పదకొండు రోజులైతుంది, ఇంకా కొనుగోలు సెంటర్లనే ఉన్నయి. తేమ 17 శాతానికి దిగితెనే కాంటా పెడ్తమంటరు. మాయి మొదలు చూసిన్నాడు 21 వచ్చింది. ఇగ పొద్దుగాల ఆరబోసుడు, మాపటికి కుప్ప జేసుడు, పరదాలు కప్పుడు, రోజు ఇదే పని.

సోమవారం ఫోన్ల సాయంత్రం 4 గంటలకు 70 శాతం వాన అని చూపెట్టింది. ఇయ్యాల ఆరబోయద్దు అని బాపుకు నేనే చెప్పిన. పరదాలు తియ్యలే. రోజంత ఎండ దంచింది. నాలుగున్నరకు గాలిదుమారం లేచింది, కండ్లల్ల మట్టి, రెండు చినుకులు, గంతే. ఒక రోజు ఎండ పోగొట్టుకున్నం. పక్క కుప్పాయన ఆ రోజు ఆరబోసుకొని మంగళవారం కాంటా పెట్టించుకొని పోయిండు.

బుధవారం ఫోన్ల 20 శాతమే ఉంది. బాపు పొద్దుగాల యాపపుల్ల నోట్ల వెట్టుకొని మొగులు దిక్కు చూసి "ఇయ్యాల మబ్బులు బురుజుల లెక్క లేస్తున్నయి, వడ్లు వొయ్యకు" అన్నడు. నేను ఇనలే. ఫోన్ చూపెట్టిన. నాలుగుంబావుకు రాళ్లవాన పడ్డది. పావుగంటనే. ముగ్గురం ఉరికినా సగం గూడ కుప్ప చెయ్యలేకపోయినం. కొన్ని వడ్లు మోరీల కొట్టుకపోయినయి. మళ్ల తేమ చూస్తె 24. మా మేనత్తోళ్ల ఊరు మా సెంటరుకు మూడు కిలోమీటర్లు గూడ ఉండదు, అక్కడ చినుకు రాలలేదంట.

బాపు ఇప్పటిదాక నన్ను ఒక్క మాట అనలేదు. అదే బాధ.

అడిగేది ఏందంటే, 70 శాతం అంటె అసలేంది? టీవీల రోజు "ద్రోణి ప్రభావంతో" అంటరు, ఆ ద్రోణి మా ఊరి మీదికెల్లి పోతదా? బాపు చూసిన బురుజుల మబ్బులు నిజంగ ఏమన్న చెప్తయా, లేకపోతె ఆ రోజు అట్ల కలిసొచ్చిందా?


కోడ్_కూలి:

అక్కా, మబ్బుల సంగతి నాకు తెలీదు, శాతం సంగతి చెప్తాను. హైదరాబాద్‌లో డేటా పని నాది.

70 శాతం అంటే, అలాంటి రోజులు పది వస్తే ఏడు రోజులు ఆ చోట వాన పడుతుంది, మూడు రోజులు తప్పుతుంది అని. ఎంత పడుతుందో ఆ అంకెలో లేదు. రెండు చినుకులూ వానే, రాళ్లవానా వానే. 20 శాతం అంటే కూడా "పడదు" అని కాదు, పదిలో రెండు రోజులు పడుతుంది అని. నీ బుధవారం ఆ రెండిట్లో ఒకటి.

ఇంకోటి, ఫోన్‌కి మీ సెంటర్ ఎక్కడుందో పట్టదు. కంప్యూటర్ భూమిని గడులు గడులుగా కోసి ఒక్కో గడికి ఒక్కో లెక్క కడుతుంది. మన వాతావరణ శాఖ గడి ఇదివరకు 12 కిలోమీటర్లు, 2025 మేలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చాక 6 కిలోమీటర్లు. అంత చిన్నది చేసినా, మీ ఊరూ మీ మేనత్త వాళ్ళ ఊరూ ఒకే గడిలో పడ్డాయంటే కంప్యూటర్‌కి రెండూ ఒకే ఊరు.

నేనైతే మూడు యాప్‌లు పెట్టుకుని, రెండు ఏది చెబితే అది నమ్ముతాను.


పాత_అబ్జర్వర్:

అమ్మాయీ, ముందు మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఆయన చూసిన మబ్బుకి మా రిజిస్టర్లో ఒక అంకె ఉంది. మధ్య ఎత్తు మబ్బుల కోడ్‌లో 8. పేరు ఆల్టోక్యుములస్ క్యాస్టెల్లానస్. ఆ రెండో మాట లాటిన్‌లో కోటకు సంబంధించింది. పేరు పెట్టినవాళ్ళకి కోట కనిపించింది, మీ నాన్నకి బురుజు కనిపించింది. కలిసిరావడం కాదు, ఆయన సరిగ్గానే చూశారు.

నేను కోస్తా జిల్లాల్లో వాతావరణ అబ్జర్వేటరీలలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. పొద్దున 8:30, 11:30, మధ్యాహ్నం 2:30, సాయంత్రం 5:30, గంట కొట్టినట్టు బయటికి రావాలి. ఎండకి థర్మామీటరు ఉంది, వానకి గేజి ఉంది, గాలికి తిరిగే గిన్నెలున్నాయి. మబ్బుకి మాత్రం మన కళ్ళే. ఆకాశాన్ని ఎనిమిది వాటాలు అనుకుని, ఎన్ని వాటాలు మబ్బు కప్పిందో, ఏ జాతి మబ్బో, అడుగు ఎంత ఎత్తులో ఉందో రాయాలి. చేరిన కొత్తలో నేను తడబడుతుంటే మా సీనియర్ ఒకాయన "పేరు తోచకపోతే కలం పెట్టకు, పది నిమిషాలు అక్కడే నిలబడు, అదే తన పేరు చెప్పుకుంటుంది" అనేవారు. నిజమే. మబ్బు బొమ్మ కాదు, జరుగుతున్న పని. పెరుగుతోందా, పరుచుకుంటోందా, కరిగిపోతోందా చూడాలి.

నీ సోమవారంతో మొదలుపెడతాను, అది నాకు ఇష్టమైన సంగతి.

ఎండకి నేల కాలి, దాన్ని ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది. కిలోమీటరు లేస్తే దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. ఒక ఎత్తుకి చేరేసరికి దానిలోని ఆవిరి ఇక ఆవిరిగా ఉండలేదు, గాలిలో తేలే సన్నటి ధూళి చుట్టూ నీటి తుంపరగా పేరుకుంటుంది. అదే మబ్బు అడుగు. మధ్యాహ్నం పూట దూదికుప్పల్లాంటి క్యుములస్ మబ్బులు లేచినప్పుడు గమనించు, తలలు ఎగుడు దిగుడుగా ఉన్నా అడుగులన్నీ గీత గీసినట్టు ఒకే మట్టంలో ఉంటాయి.

ఆ మట్టం ఎంత ఎత్తో నువ్వే లెక్క కట్టవచ్చు. ఫోన్లో ఉష్ణోగ్రత పక్కన డ్యూ పాయింట్ అని ఉంటుంది, గాలి ఎంతకి చల్లబడితే దానిలోని ఆవిరి నీరవడం మొదలవుతుందో ఆ అంకె. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి 125 పెట్టి గుణించు, మీటర్లు వస్తాయి. ఏప్రిల్లో మీ దగ్గర ఎండ 40, డ్యూ పాయింట్ 20 అనుకో, మబ్బు అడుగు రెండున్నర కిలోమీటర్ల పైన ఉంటుంది. అదే జూలైలో 30, 25 అనుకో, 625 మీటర్లు. వానాకాలం మబ్బు చెట్ల మీద వాలినట్టు కనబడటం, ఎండాకాలం మబ్బు ఎక్కడో ఆకాశంలో ఉన్నట్టు ఉండటం ఇందుకే.

ఇప్పుడు ఆలోచించు. రెండున్నర కిలోమీటర్ల పైనుంచి చినుకు బయలుదేరింది. దారంతా ఎండిపోయిన వేడిగాలి. చినుకు సగం దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాక్కుంటుంది, మట్టికుండ చెమ్మగిల్లి లోపలి నీళ్ళు చల్లబడినట్టే. చల్లబడ్డ గాలి బరువెక్కి ధబాలున కిందికి పడి, నేల తగిలి నాలుగు పక్కలకీ పారుతుంది. అదే మీ గాలిదుమారం. సోమవారం మీకు వాన రాలేదనుకుంటున్నావు. వచ్చింది, దారిలో ఆరిపోయి గాలిగా దిగింది. దూరంగా చూస్తే అలాంటి మబ్బు కింద బూడిదరంగు కుచ్చులు వేలాడుతూ నేలకి అందకుండానే మాయమవుతాయి. పెంకులు లేపేది, మామిడికాయ రాల్చేది, మీ పరదాలు ఎగరగొట్టేది ఆ కుచ్చుల మబ్బే. వాన లేదు కదా అని దాన్ని చులకన చేయకు.

బుధవారం సంగతి వేరు. వేసవిలో మీ పైన తరచూ ఒక మూత ఉంటుంది. కింద బంగాళాఖాతం నుంచి వచ్చిన తడిగాలి, దాని మీద ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో వాయవ్యం నుంచి వచ్చిన వేడి పొడిగాలి. కింది గాలి లేవబోతే పైగాలి తనకన్నా వేడిగా ఉండి లేవనివ్వదు. మూత బిగిసిన రోజు ఒళ్ళంతా చెమట, ఉక్కపోత, ఆకాశంలో ఏమీ ఉండదు. మూత ఎక్కడో ఒకచోట చిల్లుపడ్డ రోజు, పొద్దుటి నుంచి అణిగి ఉన్న ఆవిరంతా ఆ చిల్లులోంచి పొంగుతుంది. గంటలోపలే మబ్బు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు ఎక్కేస్తుంది. టీవీవాళ్ళు క్యుములోనింబస్ అనేది దాన్నే. దాదాపు ఐదు కిలోమీటర్లు దాటితే అక్కడంతా సున్నా కన్నా చలి. నీటి తుంపరలు గడ్డకట్టకుండానే చల్లగా తేలుతుంటాయి, మంచు పలుకు తగిలితే చాలు దానికి అంటుకుని గడ్డకడతాయి. కిందినుంచి ఎగదోసే గాలి బలంగా ఉంటే ఆ పలుకుని పడనివ్వదు. అది పైనే తేలుతూ, పొర మీద పొర పట్టి రాయి అవుతుంది. వడగల్లు దొరికితే కత్తితో కోసి చూడు, ఉల్లిపాయలా పొరలు కనబడతాయి.

చిల్లు ఎక్కడ పడుతుందో ముందురోజు చెప్పడం ఎవరి వల్లా కాదు. మీ సెంటర్ మీద పడింది, మీ మేనత్తగారి ఊరి మీద పడలేదు. పాలు కాగుతున్నాయని చెప్పగలం గాని మొదటి బుడగ గిన్నెలో ఏ మూల లేస్తుందో చెప్పలేం కదా.

ద్రోణి అంటే సంస్కృతంలో తొట్టి. మ్యాపు మీద చుట్టుపక్కల కన్నా పీడనం తగ్గిన పొడవాటి పల్లం. వేసవిలో తరచూ విదర్భ నుంచి తెలంగాణ మీదుగా కర్ణాటక లోపలికి, ఒక్కోసారి తమిళనాడు దాకా సాగుతుంది. దానికి ఒక పక్క పొడిగాలి, ఇంకో పక్క సముద్రపు తడిగాలి. రెండూ ఎదురుపడిన చోట పక్కకి పోయే దారి లేక పైకి లేస్తాయి, మూత బలహీనపడుతుంది. దాన్ని మీ ఊరి మీంచి పోయే కరెంటు తీగలా ఊహించుకోకు. పదుల కిలోమీటర్ల వెడల్పున మసకగా ఉండే పట్టీ అది, రోజూ కొంచెం అటూ ఇటూ జరుగుతుంటుంది.

హైదరాబాద్ బాబు చెప్పిన శాతం లెక్క సరైనదే. మూడు యాప్‌ల పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు. రెండు యాప్‌లు ఒకే కంప్యూటర్ లెక్క నుంచి అంకెలు తెచ్చుకుంటే అది మెజారిటీ కాదు, ఒకే మనిషి రెండు ఓట్లు వేసినట్టు. దానికన్నా వాతావరణ శాఖ బులెటిన్‌లో మాటలు చదవడం నేర్చుకోండి. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతం లోపు. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు. "చాలా చోట్ల" అంటే ముప్పాతిక లోపు. "దాదాపు అన్ని చోట్ల" అంటే ఆ పైన. జనం వీటిని దాటవేసి "భారీ వర్షం" అన్న మాట కోసం వెతుకుతారు. భారీకి కూడా లెక్క ఉంది, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటాలి. ఆ 24 గంటలూ అర్ధరాత్రి నుంచి కాదు, పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. గేజిలో నీళ్ళు కొలిచేది అప్పుడే.

సరే, వడ్ల సంగతి. నీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. పొద్దున ఎనిమిదింటికి ఆకాశం చూస్తాను. బురుజులుంటే ఆ రోజు మూత పైన కూడా గాలి నిలకడగా లేదని అర్థం. అయినా ఆరబోస్తాను, కానీ ఒంటిగంట వరకే. ఏప్రిల్ ఎండలో నాలుగు గంటలు తక్కువేం కాదు. పన్నెండు నుంచి పడమర, వాయవ్యం వైపు, అంటే మీకు వేములవాడ, సిరిసిల్ల వైపు, ఒక కన్ను వేసి ఉంచుతాను. క్యుములస్ మబ్బు వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువైందంటే అనుమానించాలి. తల కాలీఫ్లవర్‌లా గట్టిగా, అంచు కొట్టొచ్చినట్టు ఉన్నంతసేపు అది ఇంకా ఎదుగుతోంది. తల నునుపెక్కి, దువ్విన జుట్టులా పీచులు తేలి, కమ్మరి దాగలిలా పక్కకి సాగిందంటే క్యుములోనింబస్ పూర్తయింది. మా కోడ్‌లో 9. ఏప్రిల్లో పైగాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, కాబట్టి ఆ దాగలి ముక్కు తూర్పుకి పొడుచుకొస్తుంది. పడమటి మబ్బు ముక్కు నీ నెత్తి మీదికి వచ్చి ఎండ మసకబారితే పరదా చేతిలో ఉండాలి. చల్లటి గాలి, దానితో తడిమట్టి వాసన వస్తే ఇక పది, ఇరవై నిమిషాలు. ఆ వాసన మీ మట్టిది కాదు, ఎక్కడ వాన పడిందో అక్కడిది.

(వానాకాలంలో ఈ ముక్కు తిరగబడుతుంది. అప్పుడు పైగాలి తూర్పు నుంచి పడమరకి. ఆ సంగతి తెలియక నేనే మొదటి ఏడాది జూలైలో తప్పు దిక్కు చూస్తూ నిలబడ్డాను.)

హైదరాబాద్ రాడార్ బొమ్మ వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది, కొద్ది నిమిషాలకోసారి మారుతుంది. పసుపు దాటి ఎరుపు ఎక్కిన మచ్చ మీ వైపు జరుగుతోందా చూడు. కానీ మీ ఊరు రాడార్‌కి దూరం. భూమి గుండ్రం కాబట్టి దాని చూపు మీ దగ్గరికొచ్చేసరికి నేలకి రెండు కిలోమీటర్ల పైన ఉంటుంది. అక్కడ వాన ఉందని చూపించినా, సోమవారంలా దారిలో ఆరిపోవచ్చు.

పిడుగు గురించి ఒక్క మాట. మెరుపు చూశాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్ఫై సెకన్ల లోపే ఉరుము వినబడితే వడ్లు వదిలెయ్, లోపలికి పో. దామిని అనే యాప్ పెట్టుకో, 20, 40 కిలోమీటర్ల లోపు మెరుపులు పడుతుంటే చెబుతుంది. చేతిలో ఇనప పార, బయలు స్థలం, నీళ్ళల్లో తడిసిన ముగ్గురు మనుషులు. నాకు నీ పోస్టు చదువుతుంటే వడ్లకన్నా ఇదే ఎక్కువ భయమేసింది.


యాసంగి_బిడ్డ:

సార్, మీరు రాసింది మొత్తం బాపుకు చదివి వినిపించిన. "కోడ్ల ఎనిమిది" అన్న కాడ రెండుసార్లు చదివిచ్చుకున్నడు. మేము ముగ్గురం బయటనే ఉరికినం సార్, పిడుగు ముచ్చట యాదికే రాలే.

బాపు ఒకటి అడుగుమన్నడు. ఎండకు నేల కాలితెనే మబ్బు లేస్తదంటిరి. మరి పొద్దుగాల ఏడింటికి ఇంకా ఎండే రాకముందు ఆ బురుజులు ఎట్ల లేస్తయి?


పాత_అబ్జర్వర్:

మంచి ప్రశ్న. మా ట్రైనింగ్‌లో ఇది అడిగినవాళ్ళు తక్కువ.

అవి నేల నుంచి లేచినవి కావు. నాలుగైదు కిలోమీటర్ల ఎత్తులో ఒక తడిపొర ఉంటుంది. దాని పై భాగం రాత్రంతా తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది, అడుగు వెచ్చగానే ఉండిపోతుంది. పైన చలి, కింద వెచ్చన అయితే ఆ పొర తనలో తాను పొర్లుతుంది. అలా పొర్లిన చోటల్లా ఒక బురుజు. కాబట్టి అవి వాన తెచ్చే మబ్బులు కావు, ఎండ ఎక్కగానే చాలావరకు కరిగిపోతాయి కూడా. అవి చెప్పేది ఒకటే, పై అంతస్తు సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం కింది నుంచి లేచిన మబ్బు మూత దాటి అక్కడికి చేరిందంటే ఇక ఆపేది ఉండదు.

బురుజులు కనబడి వాన పడని రోజులూ ఉంటాయి. మూత బిగిసి ఉంటే కింది మబ్బు అంతదాకా రాదు. ఇంకో రకం కూడా ఉంది. నిన్నటి ఉరుముమబ్బు చచ్చిపోయి, దాని దాగలి మాత్రం పల్చటి తెల్లతెరలా మిగిలి, పొద్దున ఎండని అడ్డుకుంటుంది. నేల తగినంత కాలదు, మధ్యాహ్నం ఉరుము నీరసంగా ఉంటుంది. నాన్నగారు ఈ తెరని కూడా గమనించే ఉంటారు, అడుగు.


ఉప్పాడ_అల:

సార్, మాది ఉప్పాడ పక్క. మా తాత వేటకి వెళ్ళేవాడు, రాత్రి చంద్రుడి చుట్టూ గుడి కట్టిందంటే పొద్దున్న పడవ దింపేవాడు కాదు. అదీ అన్ని గుడులకీ కాదండి. "దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన" అనేవాడు. ఫోన్లొచ్చాక ఎవడూ పైకి చూట్టం లేదు. దీంట్లో నిజం ఎంతుందంటారు?


పాత_అబ్జర్వర్:

రెండు గుళ్ళూ రెండు వేరు మబ్బులు బాబూ, మీ తాతగారు దాన్నే పట్టుకున్నారు.

దూరం గుడి, అంటే పెద్ద వలయం. చెయ్యి బారుగా చాచి చంద్రుడి మీద బొటనవేలు పెట్టి జాన విప్పితే చిటికెనవేలు దగ్గరికి వస్తుంది. 22 డిగ్రీలు. ఆరేడు కిలోమీటర్ల పైన పరుచుకున్న సిర్రోస్ట్రాటస్ తెరలో ఆరు పలకల మంచు పలుకులుంటాయి, వెలుగు వాటిలో వంగి ఆ వలయం కడుతుంది. తుపాను, వాయుగుండం వచ్చేటప్పుడు పైకి లేచిన గాలి పైన విరజిమ్ముకుని ఇలాంటి తెరని వందల కిలోమీటర్లు ముందుగా పంపుతుంది. గుర్రంతోకల్లాంటి సిర్రస్, తర్వాత ఈ తెర, తర్వాత చంద్రుడు నూనె కాగితం వెనక ఉన్నట్టు మసక, తర్వాత ముసురు. వరస తప్పకుండా నడుస్తుంటే మీ తాతగారు పడవ దింపకపోవడం తెలివే.

దగ్గర గుడి, చంద్రుడికి అంటుకున్నట్టు ఉండే చిన్న రంగుల వలయం. అది నీటి తుంపరల పల్చటి మబ్బు వల్ల. దాని వెనక పెద్ద వ్యవస్థ ఏదీ ఉండాలని లేదు.

అయితే ఉరుముమబ్బు వదిలిపోయిన తెర కూడా పెద్ద గుడే కడుతుంది, కాబట్టి ఒక్క గుడిని చూసి తీర్పు చెప్పకూడదు. పైగా తుపాను విషయంలో ఇవాళ నేను గుడికన్నా వాతావరణ శాఖనే ముందు నమ్ముతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డ రోజు నేను ఇంట్లో తలుపుకి బీరువా అడ్డం పెట్టి కూర్చున్నాను. ఒక పక్క నుంచి కొట్టీ కొట్టీ, ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. పక్కింటివాళ్ళు అయిపోయిందని బయటికొచ్చారు. అది తుపాను కన్ను, లోపలికి పొండని అరిచాను. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. అంత తుపాను విశాఖ దగ్గర తీరం దాటుతుందని రోజుల ముందే చెప్పారు. వందల కిలోమీటర్ల వెడల్పున తిరిగేదాన్ని కంప్యూటర్ గడుల్లో పట్టుకోవచ్చు. ఈ అమ్మాయి వడ్ల మీద పడ్డ రాళ్లవాన పది కిలోమీటర్లు కూడా ఉండదు. చిన్నదే కష్టం.


కరువు_సీమ:

మాది అనంతపురం పక్క. మీకు మబ్బు వస్తే వాన భయం, మాకు మబ్బు వచ్చినా వాన రాదు. జూలై అంతా ఆకాశం కప్పుకునే ఉంటాది, గాలి తోస్తాంటాది, శెనిక్కాయ పైరు ఎండిపోతాంటాది. అదేం మబ్బు స్వామీ?


పాత_అబ్జర్వర్:

స్ట్రాటోక్యుములస్. చూడ్డానికి ఆకాశమంతా ఉంటుంది గాని మందం ఉండదు. అరేబియా సముద్రపు గాలి పశ్చిమ కనుమలు ఎక్కేటప్పుడే చాలా నీళ్ళు వదిలేస్తుంది. ఇటు దిగేటప్పుడు వేడెక్కి ఆరుతుంది. మిగిలిన కాస్త తేమ పల్చగా పరుచుకుంటుంది, వాన కట్టేంత లోతు రాదు. మీకు ఆశ ఎక్కువగా సెప్టెంబర్ మీదే. ఆగస్టు చివరి నుంచి ఆ పడమటి గాలి నెమ్మదించి, మధ్యాహ్నం ఎండకి మబ్బు నిలువుగా లేవడం మొదలవుతుంది.


యాసంగి_బిడ్డ:

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్న. మొన్న బేస్తారం కాంటా అయింది. తేమ 16.8.

ఆదివారం పొద్దుగాల బురుజులు లెవ్వు, తెల్లగ పల్చటి తెర ఉండె. మీరు అడుగుమన్నరని బాపును అడిగిన, "గిది ఉంటె మాపటికి మొగులు లేవది" అన్నడు, ఎన్కటికెల్లి ఎరికెనంట. సాయంత్రం దాక ఆరబోసినం, ఏం కాలే. మంగళవారం మాత్రం వేములవాడ దిక్కు చిన్న చిన్న బురుజులు లేచినయి. ఒంటిగంటకే కుప్ప చేసి కప్పినం. అందరు నవ్విన్రు. మూడుంబావుకు మబ్బు ముక్కు నెత్తి మీదికి వచ్చింది, కొద్దిసేపటికి సల్లగాలి. పరదా ఒక కొస లేచింది గని ఇసుక బస్తాలు పెట్టినం కాబట్టి ఆగింది. వాన మా మీద ఓ పది చినుకులు, ఈసారి మేనత్తోళ్ల ఊరి మీద దంచింది. దామిని మోగంగనే అందరం సెంటరు రూంలకు ఉరికినం.

ఇప్పుడు సెంటర్ల ఇంకా వడ్లు ఉన్నోళ్లు పొద్దుగాల మా ఇంటి ముందల ఆగి "ఇయ్యాల ఎనిమిదా?" అని బాపును అడిగి పోతున్నరు. బాపు గూడ మస్తు షాన్‌గ మొగులు చూసి చెప్తుండు.

క్వింటాలుకు ఎన్ని కిలోలు తరుగు తీస్తరో అది మొగుల్ల కనవడది. అది వేరే పోస్టుల అడుగుత.